పసుపు సంచీలో రెండు గుండ్లు

తూకాలాయనకి అనుమానం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. ముప్పై మూడేళ్ళు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసి, కనిపించిన ప్రతి కొట్టులోనూ త్రాసుని తిరగేసి బోర్లేసి చూసిన మనిషాయె. తూకపు రాయి అడుగున తొలిచి మైనంతో పూడ్చారా, పళ్ళెం కింద అయస్కాంతం అంటించారా, త్రాసు పట్టుకున్నవాడి చిటికెన వేలు మెల్లిగా అడ్డకడ్డీ మీదికి జారిందా, అన్నీ ఆయనకి కొట్టిన పిండే. అసలు పేరు ఆఫీసు కాగితాల్లో ఉండిపోయింది, బయట అందరికీ ఆయన తూకాలాయనే. రిటైరై నాలుగు నెలలైంది. అనుమానించడానికి ఇప్పుడు కొట్లు లేవు, ఇల్లొక్కటే మిగిలింది.

ఇంట్లో ఉన్నది తనూ, భార్యా. ఆవిడ మీద అనుమానపడాల్సిన అవసరం ముప్పై ఒక్క ఏళ్ళలో ఏ రోజూ రాలేదు పాపం. పెళ్ళయిన కొత్తలో ఆవిణ్ణి బజారుకి తీసుకెళ్ళి, "ముల్లుని చూడకోయ్, ముల్లుదేముంది, ఎవడు తిప్పితే అటు తిరుగుతుంది. తూచేవాడి చేతిని చూడు," అని నేర్పింది ఆయనే. ఆవిడ ఆ పాఠం ఎంత బాగా వంటబట్టించుకుందంటే, ఆవిడ కొట్టుకొస్తే కొట్టువాళ్ళు ముందు చొక్కా చేతులు పైకి మడుచుకుని అప్పుడు త్రాసు పట్టుకునేవాళ్ళు.

అలాంటి మనిషి చేతికి ఒక సాయంత్రం ఇనుము వాసన వచ్చింది.

కాఫీ గ్లాసు అందిస్తుంటే ఆయన ముక్కుకి తగిలింది. అరచేతి గీతల్లో సన్నగా నలుపు. రోజంతా తూకపు రాళ్ళు ఎత్తిదించిన చేతికి పట్టే నలుపది, ఆయనకి తెలియంది కాదు.

"ఏమోయ్, చేతికేంటి ఆ నలుపు?"

"ఏ గేటో పట్టుకునుంటాన్లెండి," అని ఆవిడ తువ్వాలు కింద చెయ్యి దాచేసుకుంది. నిజంగానే దాచుకుంది. ఆయన చూశాడు.

రెండు నెలలుగా సాయంత్రం నాలుగున్నరకల్లా నడకకని బయల్దేరుతోంది. నడకకి వెళ్ళేవాళ్ళు రోజూ గేట్లు పట్టుకుని ఊగుతారా? చెప్పులకి అంటుకునే దుమ్ము కూడా రోడ్డు దుమ్ము కాదు, సన్న కంకర పొడి. పైగా ఈ మధ్య పరధ్యానం ఒకటి. మూడు నెలల్లో ఆరు గాజు గ్లాసులు పగిలాయి. ఆరూ ఆయన లెక్కపెట్టాడు. ఆరోది పగిలినరోజు, "నీ చేతిలో పట్టు లేదా, మనసు ఇంట్లో లేదా?" అని గట్టిగానే కసిరాడు. ఆవిడ వంగి ముక్కలు ఏరుకుంది.

ఈ మనిషి తన దగ్గర ఏదీ దాచదని ఆయన ఎవరి ముందైనా ఒట్టేసి చెప్పగలిగేవాడు. ఇప్పుడేదో దాస్తోంది. అదేంటో తెలియకపోతే ముద్ద దిగదు. తెలిశాక ఈ ఇంట్లో ఇద్దరూ ఇదివరకట్లా ఉండగలరా అని భయం. భయం కంటే అనుమానమే బలంగా ఉంది కాబట్టి మర్నాడు ఆవిడ వెనకాలే పిల్లిలా బయల్దేరాడు.

ఆవిడ రెండు వీధులు దాటి, గ్రంథాలయం పక్కనున్న పార్కులోకి వెళ్ళింది. ఆయన "పచ్చికపై నడవరాదు" అన్న బోర్డు వెనక, పచ్చిక మీదే నిలబడి తొంగిచూశాడు. చెట్ల కింద కంకర పరిచిన జాగాలో ఐదుగురు ఎదురుచూస్తున్నారు. నూనె మరకల చొక్కా వేసుకున్న బక్కపలచటి మనిషి ఒకడు. యూనిఫాం మీదే వచ్చేసిన నర్సు ఒకావిడ. బొజ్జ ఉన్న బస్సు డ్రైవరొకడు. ఒకే పోలికలో ఉన్న అక్కాచెల్లెళ్ళిద్దరు. వీళ్ళలో ఒక్కరి మొహం కూడా ఆయనకి తెలీదు. ఆవిడ మాత్రం వాళ్ళ మధ్యకి సొంత పుట్టింటికి వెళ్ళినట్టు వెళ్ళింది.

తర్వాత జరిగింది చూసి ఆయన తన కళ్ళని తానే నమ్మలేదు. నూనె చొక్కావాడు నిమ్మకాయంత చెక్క ఉండనొకదాన్ని దూరంగా విసిరాడు. ఆవిడ కాలి బొటనవేలితో నేల మీద సున్నా చుట్టి, అందులో నిలబడి, మోకాళ్ళు కొంచెం వంచి, చేతిలోని ఇనుప గుండుని ఊపి వదిలింది. గుండు ధబ్బుమని పడి, కంకర మీద గరగరా దొర్లి, చెక్క ఉండ పక్కన ఆగింది. అందరూ పరుగున పోయి, నడుములు వంచి, పోయిన ఉంగరం వెతుకుతున్నట్టు నేలకేసి చూశారు. "నాదే దగ్గర!" "ఏడిసింది, నాదే!" అని వాదన. ఆవిడ పకపకా నవ్వింది. ఆ నవ్వు ఆయన విని ఎన్నేళ్ళయిందో.

'పెద్దవాళ్ళయ్యుండి గోళీలాటేంటి! దీని వెనక ఇంకేదో ఉంది,' అనుకుంటుండగానే పచ్చికకి నీళ్ళు చిమ్మే గొట్టం బుస్సుమని విప్పుకుంది. తూకాలాయన నిలువునా తడిసి, "అమ్మో!" అని ఒక్క గెంతు గెంతి సరిగ్గా వాళ్ళ మధ్యలో వచ్చిపడ్డాడు.

ఆవిడ మొహంలో నవ్వు టక్కున ఆగిపోయింది. "మీరా? మీరెందుకొచ్చారు?"

"నడకకి," అన్నాడాయన, మీసాల నుంచి నీళ్ళు కారుతుంటే.

డ్రైవరు పగలబడి నవ్వాడు. "రండి సార్, రండి. వదినగారు మీ గురించి చెబుతూనే ఉంటారు. మేం ఆరుగురం, మీరూ చేరితే వంతులేసుకుందాం. ఆట చాలా తేలిక. ఈ చెక్క ఉండ పేరు బుజ్జి. మన గుండు బుజ్జికి దగ్గరగా పడాలి, ఎదుటివాళ్ళది దగ్గరగా ఉంటే మన గుండుతో కొట్టి తరిమెయ్యాలి. అంతే!"

'నా గురించి ఏం చెప్పిందో' అని ఆయనకి ఇంకో అనుమానం మొదలైంది. వద్దంటే ఆవిడ ముందు చిన్నతనం. పక్కనే బెంచీ మీద పసుపు గుడ్డ సంచీ ఒకటి ఉంటే అందులో చెయ్యి పెట్టబోయాడు. నూనె చొక్కావాడు చటుక్కున సంచీ లాగేసుకున్నాడు.

"అవి కాదు సార్. ఇదిగో, ఇవి తీసుకోండి."

"ఏం, వాటికేమైంది?"

"అవి అమ్మగారివి. ఎవరివి వాళ్ళవే ఇక్కడ."

అబద్ధం. డ్రైవరు గుండు నర్సు వేసింది, నర్సు గుండు అక్కాచెల్లెళ్ళలో అక్క వేసింది, అంతా కలగాపులగమే. ఆ పసుపు సంచీలోవి మాత్రం ఇంకొకరు ముట్టుకోవడం లేదు. ఆవిడ వంతు రాగానే ఆ బక్కాయనే తీసి, తుడిచి మరీ అందిస్తున్నాడు. లేతు మిషను వర్క్‌షాపట ఆయనది, అందరూ లేతు మేస్త్రీ అంటున్నారు. తూకాలాయన మనసులో ఆ పేరు కింద గీత పడింది.

ఆట సంగతి చెప్పుకోకపోవడమే మంచిది. ఆయన వేసిన మొదటి గుండు బెంచీ కాలికి తగిలింది, రెండోది పూలమడిలో కూరుకుపోయింది. అదీకాక దూరాలు కొలవడానికి వీళ్ళ దగ్గర టేపు లేదు, ఒక పాత చెప్పు లేసు ఉంది. లేసు సాగుతుందని ఆయన అంటే, "సాగితే అందరికీ సాగుతుంది కదా సార్," అంది నర్సు. ముప్పై మూడేళ్ళ సర్వీసులో అంత బరితెగించిన మాట ఆయన వినలేదు.

ఇంటికెళ్ళే దారిలో అడిగాడు. "ఇందులో దాచాల్సిందేముంది?"

"దాచలేదండీ. చెబుదామనే ఉంది. ఇంకొంచెం టైముంది."

"దేనికి టైము?"

ఆవిడ పక్కింటి గోడ మీది పిల్లి వంక చూసింది. ఒళ్ళు మండిపోయింది ఆయనకి.

తర్వాత వారం రోజులూ ఆయన కూడా వెళ్ళాడు, ఆడటానికి కాదు, నిఘాకి. ఒకటి కనిపెట్టాడు. అందరి గుండ్లూ కంకర మీద పడితే ధబ్బుమంటున్నాయి, మొదటిరోజు ఆవిడదీ అలాగే అంది. ఈ రెండు రోజుల నుంచీ ఆవిడది మాత్రం టంగుమంటోంది. బోలుగా ఉన్న రాయి చప్పుడది. ఆవిడ గుండు దగ్గరగా పడ్డప్పుడల్లా, "చూశారా, చెయ్యి ఎలా తిరిగిందో!" అని చిన్నపిల్లలా సంబరపడుతుంటే, మిగతా ఐదుగురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటున్నారు. అంటే ఐదుగురూ ఇందులో ఉన్నారన్నమాట. మోసపు గుండుతో తన భార్యని గెలిపిస్తున్నారు. ఎందుకు? ఈ మేస్త్రీకి ఆవిడ మీద ఎందుకింత శ్రద్ధ? ఈ రెండో ప్రశ్నని ఆయన మనసులో కూడా పూర్తిగా అనుకోలేకపోయాడు, సిగ్గేసింది.

ఎనిమిదో రోజు సామాన్లు సర్దే హడావుడిలో పసుపు సంచీలోంచి ఒక గుండు తీసి చేతిసంచీలో వేసుకున్నాడు. జీవితంలో మొదటి దొంగతనం.

ఆవిడ స్నానానికి వెళ్ళగానే వెనకగదిలో తలుపేసుకుని, అలమారులోంచి ఇత్తడి త్రాసు దించాడు. ఆఫీసువాళ్ళు వీడ్కోలప్పుడు ఇచ్చిన త్రాసది. తను ఆడే గుండు ఏడువందల గ్రాములని ముందే తూచిపెట్టుకున్నాడు. ఇది తూచాడు. ఐదువందల ఇరవై. మళ్ళీ తూచాడు. అంతే. భూతద్దం పెట్టి చూస్తే గుండు నడుము చుట్టూ సన్నటి అతుకు, మీద పాలిష్. కోసి, లోపల తొలిచి, మళ్ళీ అతికారు. తొలిచిన తూకపు రాయి! దొరికాడు దొంగ! ఇన్నాళ్ళ తర్వాత ఆయన ఛాతీ పొంగింది.

మర్నాడు పొద్దున్నే త్రాసూ గుండూ సంచీలో వేసుకుని లేతు మేస్త్రీ వర్క్‌షాపుకి వెళ్ళాడు. రేకుల షెడ్డు, నేలంతా ఇనుప రజను, చుట్టలు చుట్టలుగా చెత్త. మేస్త్రీ వంగి మిషను మీద ఏదో చెక్కుతున్నాడు. ఆయన గుండుని బల్ల మీద ఠక్కున పెట్టాడు.

"ఏంటయ్యా ఇది? ఏకంగా నూట ఎనభై గ్రాములు దొంగతనం! నేనెవరో తెలుసా? ఇలాంటివాళ్ళని వందమందిని పట్టాను."

మేస్త్రీ మిషను ఆపేశాడు. బెదరలేదు. గుడ్డతో చేతులు తుడుచుకుని, స్టూలు జరిపాడు. "కూచోండి సార్. ఏదో ఒకరోజు మీరొస్తారని నర్సమ్మ అంటూనే ఉంది."

"ఎందుకు చేశావు? అది చెప్పు ముందు."

"అమ్మగారి కుడిచేయి సంగతి మీకు నిజంగా తెలీదా సార్?"

"చేతికేమైంది?"

మేస్త్రీ గుండు వంక చూస్తూ చెప్పాడు. ఆవిడ వేళ్ళలో నరాలు పట్టు తప్పుతున్నాయి. నర్సు పనిచేసే ఆసుపత్రికే చూపించుకోవడానికి వచ్చింది, ఒంటరిగా. ఆ చేతికి పని చెబుతూ ఉండమన్నాడు డాక్టరు. నర్సే పార్కుకి తీసుకొచ్చింది. మొదటిరోజు ఏడువందల గ్రాముల గుండు చేతిలోంచి జారి కాలి మీద పడితే, ఏడవకుండా పెదవి కొరుక్కుని మళ్ళీ ఎత్తింది.

"ఆ రాత్రి నాకు మనసూరుకోలేదు. రెండు గుండ్లు కోసి, లోపల చెక్కి, ఆరువందల యాభై చేశాను. పట్టుకోగలిగింది. పదిహేను రోజులకి మళ్ళీ జారడం మొదలైంది. ఆరువందలు చేశాను. తర్వాత ఐదువందల అరవై. ఇప్పుడిది. ఆవిడకి తెలీదు సార్. రోజురోజుకీ చెయ్యి బాగుపడుతోందనుకుంటున్నారు. అందుకే ఆ నవ్వు."

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడాయన. మేస్త్రీని అడిగాడో, ఆవిణ్ణి అడిగాడో ఆయనకే తెలీదు.

"నర్సమ్మ అడిగింది. 'ఆయనకి చెబితే రోజూ తూకం వేస్తారమ్మా. నిన్నెంత, ఇవాళెంత అని. పూర్తిగా నయమయ్యాక చెబుతాను,' అన్నారట." మేస్త్రీ గుండుని గోరుతో కొట్టాడు, టంగుమంది. "ఇదే ఆఖరుది సార్. ఇంతకంటే పల్చగా చెక్కితే రేకు నిలవదు, మొదటి దెబ్బకే సొట్టపోతుంది. దీని తర్వాత ఏం చెయ్యాలో నాకూ తోచట్లేదు."

ఆయన ఆరు గ్లాసులనీ తల్చుకున్నాడు. పట్టు లేదా అని తను అరిచిన రోజున, లేని పట్టుతోనే ఆవిడ ఆ ముక్కలన్నీ ఏరింది. సిగ్గుతో తల తీసేసినట్టయింది. ముప్పై మూడేళ్ళు ఎవరెవరి త్రాసులో పట్టి చూశాడు కానీ, పక్కన పడుకునే మనిషి చెయ్యి ఒక్కసారి పట్టి చూడలేదు. గుండుని మేస్త్రీకి ఇచ్చేసి, త్రాసు మోసుకుని ఇంటికొచ్చాడు.

మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ ఆవిడే మొదలుపెట్టింది. గరిటె ఎడమచేత్తో పట్టుకుంది. ఎప్పట్నుంచి ఎడమచేత్తో వడ్డిస్తోందో ఆయన గమనించనేలేదు.

"మీకొకటి చెప్పాలండీ. కోప్పడకూడదు. నా కుడిచేతికి కొంచెం బాగుండటంలేదు... ఉండండి, పూర్తిగా చెప్పనివ్వండి. ఇప్పుడు బాగుపడుతోంది. ఆ ఆట వల్లే. కానీ నిన్న పొరపాటున నర్సమ్మ గుండు ఎత్తాను. చాలా బరువుగా తగిలింది. అప్పట్నుంచీ నాకనుమానం. వీళ్ళంతా కలిసి నన్ను చిన్నపిల్లని ఆడించినట్టు ఆడిస్తున్నారేమోనని. ఇవాళ మీ త్రాసు పట్టుకురండి."

"త్రాసెందుకోయ్ ఇప్పుడు? దాని ముల్లు సరిగా లేదు."

"మొన్నేగా నూనె రాసి సరిచేశారు! నా గుండూ, నర్సమ్మ గుండూ అందరి ముందూ తూచి చెప్పండి. వాళ్ళని అడిగితే మొహమాటానికి ఏదో అంటారు. తూకంలో అబద్ధం చెప్పనిది మీరొక్కరే. మీరు సమానమంటే నేను నమ్ముతాను."

ఆయన చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. నీళ్ళు తాగాడు.

సాయంత్రం పార్కులో త్రాసు చూడగానే ఐదుగురి మొహాల్లోనూ నెత్తురు చుక్క లేదు. మేస్త్రీ రెండడుగులు ముందుకేసి, "సార్, మీకు దణ్ణం పెడతాను..." అని ఆగిపోయాడు. డ్రైవరు ఏదో జోకు వెయ్యబోయి మానేశాడు. ఆవిడ పసుపు సంచీలోంచి తన గుండు తనే తీసింది. రెండు చేతులతో పట్టుకుని తెచ్చి ఒక పళ్ళెంలో పెట్టింది. ఇంకో పళ్ళెంలో నర్సు తన గుండు పెట్టింది.

"ఎత్తండి," అంది ఆవిడ.

తూకాలాయన పైపిడి పట్టుకుని త్రాసు ఎత్తాడు. నర్సు గుండున్న పళ్ళెం కిందికి దిగబోయింది. సరిగ్గా అప్పుడు ఆయన చిటికెన వేలు అడ్డకడ్డీ మీదికి జారింది, తేలిక గుండు వైపుకి. అలా జారిన వేళ్ళ మీద ఎన్ని కేసులు రాశాడో, ఎంతమందిని నలుగురిలో నిలబెట్టి కడిగేశాడో. అలవాటు లేని వేలు. ఎముక విరుగుతుందేమోనన్నంత నొప్పి పుట్టింది. పళ్ళు బిగించి నొక్కాడు. ముల్లు అటూ ఇటూ ఊగి, ఊగి, నిట్టనిలువుగా నిలబడింది.

"సమానం," అన్నాడు. "వెంట్రుకవాసి తేడా లేదు. కావాలంటే రిజిస్టర్లో సంతకం పెడతాను."

అక్కాచెల్లెళ్ళిద్దరూ చెట్టుకేసి చూస్తున్నారు. మేస్త్రీ నేలకేసి చూస్తున్నాడు. ఆవిడ ముల్లుకేసే చూసింది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఏ కొట్టులోనూ ముల్లుని నమ్మని మనిషి, తూచేవాడి చేతి మీద నుంచి ఏనాడూ చూపు తిప్పని మనిషి, రెప్ప వెయ్యకుండా ముల్లునే చూసింది. ఆయన చేతికేసి ఒక్కసారి కూడా తలెత్తలేదు.

"హమ్మయ్య," అంది చివరికి. "అయితే నా చెయ్యి బాగుపడుతున్నట్టే. ఇక ఆడండి, పొద్దుపోతోంది."

ఆ రోజు ఆట చాలాసేపు సాగింది. తూకాలాయన కూడా ఆడాడు. ఆయన గుండు మళ్ళీ పూలమడిలోకే పోయింది. దూరం కొలవాల్సి వచ్చినప్పుడు చెప్పు లేసు ఆయనే పట్టుకున్నాడు, అది సాగినా ఏమీ అనలేదు.

ఇంటికి బయల్దేరి ఇద్దరూ మొదటి వీధి దాటారు. ఆయన ఒక చేత్తో త్రాసు సంచీ పట్టుకుని, రెండో చేతిని ఊరికే వేలాడేసి నడుస్తున్నాడు. ఆవిడ ఆ పక్కకి వచ్చి, తన కుడిచేయి చాపింది. ఆయన చేతిని కాదు, చిటికెన వేలొక్కటే వెతికి పట్టుకుంది. పట్టు ఉందో లేదో తెలియనంత మెత్తగా ఉంది.

"నొప్పిగా ఉందాండీ?" అని అడిగింది.